మబ్బు వచ్చి కూర్చున్న ఇంటర్వ్యూ

నాలో చెప్పుకోదగ్గ సుగుణం ఒకటుంది. నేను రాసే మీటింగు మినిట్స్‌లో అందరూ తెలివైనవాళ్లే. లోపల ఎవరేం వాగారన్నది నేను పెద్దగా పట్టించుకోను. ప్రెసిడెంటుగారు ఆవలిస్తూ "ఆ, ఏదో ఒకటి చూద్దాంలే" అన్నారనుకోండి, "విషయమును కూలంకషముగా పరిశీలించవలెనని అధ్యక్షులవారు సూచించిరి" అని రాస్తాను. ఇది గొప్ప కోసం కాదు, సంఘసేవ. ఇరవై రెండేళ్లుగా ఒక హాకీ టీము ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని ఈ సేవ చేస్తున్నాను. హాకీ మాత్రం ఆడలేదు. మోజుపడి ఒకసారి స్టిక్కు ఊపితే బంతి కదల్లేదు గానీ నా మోకాలిచిప్ప కదిలింది.

నా రెండో పని హాజరుపట్టీ. ఆటగాళ్లు పద్దెనిమిది మంది, కోచ్‌లు ఇద్దరు, డాక్టరు, వంటాయన, నేను, అట్టడుగున మబ్బు. మబ్బంటే మరీ పెద్దదేం కాదు, నాలుగు లారీల టార్పాలిన్లు కలిపి కుట్టినంత ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి తూర్పు స్టాండు మీదుగా వచ్చి, ప్లాస్టిక్ గడ్డి పరిచిన మా టర్ఫ్ మీద ఈ చివర్నించి ఆ చివరికి సన్నగా కురిసి, పది నిమిషాల్లో వెళ్లిపోతుంది. టర్ఫ్ తడవకపోతే బంతి ఎగిరి పళ్ల మీదికొస్తుంది, కిందపడ్డవాడి మోకాళ్లు గీసుకుపోతాయి. మిగతా టీములు పైపులు పెట్టి తడుపుకుంటాయి. మాకు మబ్బుంది. ఆదివారం దానికి సెలవు. ఆలస్యంగా వస్తే ఎర్రచుక్క పెడతాను. ఎవరికైనా రూలు రూలే కదా.

ఆ ఏడాది మేం ఏడు మ్యాచ్‌లు ఒకేలా ఓడిపోయాం. యాభై అయిదు నిమిషాలు పులుల్లా ఆడటం, ఆఖరి అయిదు నిమిషాల్లో గోలు తినడం. హెడ్ కోచ్ "ఈ టీముకీ నా బీపీకీ పడదు" అని కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. కొత్తాయన్ని ఎంచడానికి కమిటీ వేశారు. మంచు ఫ్యాక్టరీ ఓనరైన మా ప్రెసిడెంటుగారు, ఒకప్పుడు ఆడవాళ్ల టీముకి కెప్టెన్‌గా చేసిన కెప్టెనమ్మ, మార్కులు కూడటానికి నేను.

వచ్చినవాళ్లు ముగ్గురు. ఒకాయన పేరుమోసిన పాత ఆటగాడు, అందరూ బుల్లెట్ అంటారు. రెండో ఆయన లాప్‌టాప్ మాస్టారు. మూడోవాడు మావాడే, పదకొండేళ్లుగా అసిస్టెంటు కోచ్. వయసు యాభై రెండు, అయినా అందరికీ చిన్నసారే. ఇక్కడో మెలిక ఉంది. కొత్త హెడ్ కోచ్ ఎవరొచ్చినా తన అసిస్టెంటుని తనే తెచ్చుకుంటాడు. అంటే చిన్నసారుకి పెద్ద కుర్చీ దొరకాలి, లేదా గేటు దారి పట్టాలి. మధ్యలో స్టూలు లేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున చిన్నసారు భార్య ఆఫీసుకొచ్చింది. టీము జెర్సీల మీద నంబర్లు కుట్టేది ఆవిడే.

"అన్నయ్యగారూ, చిన్న సాయం చెయ్యాలి."

"మార్కుల సంగతైతే నా చేతిలో లేదమ్మా."

"మార్కులొద్దు. ఆయన్ని మాట్లాడనిస్తే చాలు. ఆయనకి మాట పైకి రావడానికి టైము పడుతుంది. పెళ్లి చేసుకుంటావా అని నేనడిగితే టీ చల్లారిపోయేదాకా ఆలోచించాడు. ఆ రోజు చెప్పిన మాట ఇప్పటిదాకా మార్చలేదు."

"నేనున్నానుగా చెల్లెమ్మా!" అన్నాను. ఈ మాట నేను చాలామందితో అన్నాను. వాళ్లెవరూ తర్వాత నాకు కనపడలేదు.

ముగ్గురికీ ప్రశ్న ఒకటే. ఆఖరి అయిదు నిమిషాల్లో మనం ఎందుకు ఓడిపోతున్నాం?

"రోషం లేదు సార్ వీళ్లకి!" అని బుల్లెట్ బల్ల గుద్దాడు. కప్పులు లేచి కూర్చున్నాయి. ప్రెసిడెంటుగారికి ఒళ్లు గగుర్పొడిచి వందకి ఎనభై ఎనిమిది మార్కులిచ్చారు.

లాప్‌టాప్ మాస్టారు గోడ మీద ఎనభై బొమ్మలు చూపించాడు. అన్నిట్లో బాణాలే. ఒక్కటీ అర్థం కాలేదు. అర్థం కానిదానికి మార్కులు కోసే ధైర్యం మా కమిటీకి లేదు. తొంభై ఒకటి.

మూడున్నరకి చిన్నసారు వచ్చి కూర్చున్నాడు. ప్రెసిడెంటుగారు ప్రశ్న అడిగారు. చిన్నసారు కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ ఆలోచనలో పడ్డాడు.

"అలిసిపోతున్నారంటావా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

చిన్నసారు నోరు తెరవబోయాడు.

"అలుపేమిటండీ, కుర్రాళ్లు!" అంది కెప్టెనమ్మ. "డిఫెన్సులో లోపం. ఏం తమ్ముడూ, అంతేనా? అంతేలే."

"తిండి కూడా చూడాలండి," అన్నాను నేను. పొద్దున మాటిచ్చిన మనిషినే. "వంటాయన ఈమధ్య ఉప్పు తగ్గించాడు."

అక్కణ్నించి ఉప్పు మీదికి, ఉప్పు మీంచి ప్రెసిడెంటుగారి చిన్నప్పటి కబుర్లలోకి పోయాం. చిన్నసారు మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ మేమే ఆయన తరఫున జవాబు చెప్పేశాం, అదీ తలొక రకంగా. నాలుగవడానికి రెండు నిమిషాలుందనగా ప్రెసిడెంటుగారు పెన్ను మూశారు.

"మంచివాడే. కానీ మాట లేదు. ఏమయ్యా, ఎంతిద్దాం?"

మనిషి ఎదురుగా ఉండగానే నన్నడిగారు. పన్నెండు వేశాం. టైముకొచ్చినందుకు పది, చొక్కా ఇస్త్రీకి రెండు. చిన్నసారు మెల్లిగా లేచి, పదకొండేళ్లుగా మెళ్లో వేలాడుతున్న విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. తాడు ఒరుసుకున్న చోట చొక్కా కాలరు వెలిసిపోయి ఉంది.

అప్పుడే నాలుగు కొట్టింది. మబ్బు తూర్పు స్టాండు దాటింది. టర్ఫ్ మీదికి పోకుండా ఇటు తిరిగి, కిటికీలో ఇరుక్కుంటూ లోపలికొచ్చింది. గది చిన్నది, పాపం బాగా సర్దుకోవాల్సొచ్చింది. బీరువా మీద కొంత, ఫైళ్ల మధ్య కొంత, మిగిలింది మా నలుగురి చుట్టూ.

"కుర్చీలు తడుస్తాయి, ఎవరైనా..." అని కెప్టెనమ్మ మొదలెట్టింది. మాట సగంలోనే నానిపోయి ఆవిడ ఒళ్లో పడింది. ప్రెసిడెంటుగారు గట్టిగా ఏదో అన్నారు. అది బరువైన మాటేమో, టప్పున బల్ల మీద పడి చెమ్మగా పాకింది. నేను నాలుగు మాటలు ప్రయత్నించాను. చెప్పుల్లోకి నీళ్లొచ్చాయి. ఇక లాభం లేదని అందరం ఊరుకున్నాం.

పది నిమిషాలు. అంతసేపు ఆ గదిలో ఎవరూ మాట్లాడకుండా ఉండటం నేను ఎరగను. గోడ గడియారానికి చప్పుడుందని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత మబ్బు ఎలా వచ్చిందో అలాగే కిటికీలోంచి జారుకుంది.

ఎవరమూ ఇంకా తేరుకోలేదు. ఆ నిశ్శబ్దంలో చిన్నసారు గొంతు వినపడింది.

"మన గోలు ముందు కుడివైపు కాసే రైట్ బ్యాక్ కుర్రాడు, సార్. మొదటి యాభై అయిదు నిమిషాల్లో వెనక్కి తిరిగి మన బెంచీ వైపు చూసేది రెండుసార్లో మూడుసార్లో. ఆఖరి అయిదు నిమిషాల్లో పదకొండుసార్లు. ఏడు మ్యాచ్‌లూ లెక్కపెట్టాను. వాడు ఇటు చూసినప్పుడే బంతి వాడి వెనకనించి పోతోంది."

"ఎందుకు చూస్తాడు?" అంది కెప్టెనమ్మ. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నసారు ఆలోచించాడు. మేం కదలకుండా కూర్చున్నాం.

"అప్పుడే అందరం అరుస్తాం గనక. కోచ్ ఒకటంటాడు, డాక్టరు ఒకటంటాడు. వాడు మంచి పిల్లాడు సార్, అందరి మాటా విందామనుకుంటాడు."

ప్రెసిడెంటుగారు తడిసిన మీసం తుడుచుకున్నారు. "స్టాండులోంచి నేను... నేను కూడానా?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"మీ గొంతే ముందు వినపడుతుంది సార్."

"నువ్వు హెడ్ కోచ్‌వయితే నన్నేం చేస్తావ్?"

"ఆఖరి అయిదు నిమిషాలూ అవతలి గోలు వెనకాల కూర్చోబెడతాను."

అయిపోయింది, పన్నెండూ పోయాయి అనుకున్నాను. ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగారు.

"నన్ను నోరు మూసుకోమనేది ప్రపంచంలో మా ఆవిడొక్కతే," అన్నారు. "ఆవిడ మాట విన్న ప్రతిసారీ బాగుపడ్డాను. ఇందాక పన్నెండు వేశావే, అది కొట్టెయ్."

"ఎంత వెయ్యమంటారు సార్?"

"మార్కులెందుకయ్యా, ఆర్డరు రాయి."

కెప్టెనమ్మ విజిల్ తీసి చిన్నసారు మెళ్లో వేసింది. "బయటికి పద తమ్ముడూ, మరదలు మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. పోయి చెప్పు. ఈ ఒక్క మాటకి మాత్రం ఆలోచించకు!"

ఆ రోజు హాజరుపట్టీలో మబ్బుకి ఏం వెయ్యాలో తోచక "ఆఫీసు పని మీద" అని రాశాను.

తర్వాతి మ్యాచ్‌లో ఆఖరి అయిదు నిమిషాలు మా బెంచీ బడిపిల్లల్లా నోటి మీద వేలేసుకుంది. ప్రెసిడెంటుగారు అవతలి గోలు వెనక తువ్వాలు కొరుకుతూ నిలబడ్డారు. రైట్ బ్యాక్ కుర్రాడు ఒక్కసారి తిరిగి చూశాడు. ఇటు ఏమీ వినపడకపోయేసరికి మళ్లీ ఆటలో పడ్డాడు. ఒకటి సున్నాతో గెలిచాం.

ఇప్పుడు ఆయన హెడ్ కోచ్, అయినా చిన్నసారే. ప్రాక్టీసు అయ్యాక నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాడు. "ఎలా ఉంది సార్ కొత్త గోల్‌కీపరు?" అని అడుగుతాను. ఆయన ఆలోచనలో పడతాడు. ఈలోగా నేనే బాగున్నాడంటాను, కాళ్లు నెమ్మదంటాను, అయినా పరవాలేదంటాను. ఆయన నవ్వి, నేను ఆపేదాకా ఆగుతాడు. ప్రశ్న అడిగాక జవాబొచ్చేదాకా ఊరుకోవడం నాకింకా చేతకాలేదు.