కాగితం చొక్కా

మా ఆయన తెచ్చిన రెండు పిల్లికూనలు గడప దాటవు, నన్ను కుట్టుకోనివ్వవు. మిషను తొక్కుతుంటే ఒకటి బట్ట మీద బైఠాయిస్తుంది, ఇంకోటి దారపు ఉండని మంచం కిందికి దొర్లిస్తుంది. "ఇల్లు బోసిపోయింది కదే, సందడిగా ఉంటుందని తెచ్చా," అన్నారాయన. సందడా! నా ప్రాణాలు తోడేస్తున్నాయి.

ఇవాళ గోడకు తగిలించిన కాగితం అచ్చులన్నీ లాగి చీల్చేశాయి. బట్టలు కుట్టించుకునేవాళ్లవైతే వాళ్లని పిలిచి మళ్లీ కొలుచుకోవచ్చు. మా అబ్బాయి చొక్కాది ఎలా? కితకితలంటూ మెలికలు తిరిగే వాణ్ణి కసిరి నిలబెట్టి, వాలుగా ఉండే ఎడమ భుజానికి సరిగ్గా గీసిన అచ్చది.

"వీటిని ఇప్పుడే ఎక్కడైనా వదిలేసి రండి!" అని అరిచాను.

ఆయన నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతున్నారు. తలెత్తలేదు.

"వాడు పోయాక కూడా ప్రతి పుట్టినరోజుకీ ఓ చొక్కా కుట్టి బీరువాలో పెడుతున్నావు. ఇక చాలే."

మిషను మీద వాడికని కొన్న నీలం బట్ట ఉంది. కూన ఒకటి దాని మీదెక్కి ముడుచుకు పడుకుంది. లేపలేదు. లేపి మాత్రం ఏం కుడతాను?