అంచులు పారేసే కెమెరా

ఆ రోజు నా తమ్ముడు శేఖర్ ఎదురుగా ఉంటే కెమెరా పట్టీతోనే నాలుగు తగిలించేదాన్ని. "అక్కా, నీ పాత లెన్సులన్నీ దీనికి పడ్తయ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు, పెద్ద తెలిసినవాడిలా. పడ్డాయి, కాదనను. బిగిస్తే టక్కుమని కూర్చున్నాయి కూడా. ఆ తర్వాత కథేమిటో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

ఫిల్ము కడిగే ల్యాబు మూతపడబట్టి డిజిటల్ కొన్నాను గానీ, లేకపోతే ఆ డబ్బా మొహం చూసేదాన్ని కాదు. సుబేదారిలో మా స్టూడియో పెట్టింది మా ఆయన మల్లికార్జున్. ఆయన పోయి తొమ్మిదేళ్లు. లెన్సులు ఆయనవే. అందులో గ్రూపు ఫోటోలకు వాడే వెడల్పు లెన్సు ఒకటి ఉంది. చేత్తో రింగు తిప్పి ఫోకస్ పెట్టుకోవాలి. ఎంత ఇరుకు గదిలోనైనా ఇంటిల్లిపాదినీ పట్టేసేది. దాన్ని నమ్ముకునే ఇన్నేళ్లు పెళ్లిళ్లు తీశాను.

కొత్త కెమెరాతో మొదటి పెళ్లి నర్సంపేటలో, తిరుమల అనే పిల్లది. తాళి కట్టడం అయింది, భోజనాలు అయ్యాయి. పిల్లను అత్తారింటికి పంపే ముందు ఇంట్లో అందరం ఒక ఫోటో దిగుదామన్నారు. బయట వాన దంచి కొడుతోంది. సరే, ముందు గదిలోనే నిలబెట్టాను. పిల్లలు కింద, పెళ్లి జంట, ముసలివాళ్లు కుర్చీల్లో, మిగతావాళ్లు వెనక. నా వీపు వెనక పెళ్లికూతురికి కొన్న కొత్త బీరువా, అట్టపెట్టె కూడా విప్పలేదు. దానికి ఆనుకుని, లెన్సు మీద నమ్మకంతో అంచులు చూసుకోకుండానే ఒకటి నొక్కాను.

తెర మీద చూస్తే రెండు వైపులా మనుషులు లేరు! ఎడమ పక్క ఒక మేనత్త సగం, కుడి పక్క పెళ్లికూతురి తల్లి యాకమ్మ మోచెయ్యి. అంతే. నా ఒళ్లు మండిపోయింది. అదే లెన్సు, అదే నేను. తర్వాత తెలిసింది, ఫిల్ము ఉండే చోట ఈ కెమెరా చేసినవాళ్లు బొమ్మ పట్టే సెన్సరు అని అంతకన్నా చిన్న ముక్క పెట్టారట. లెన్సు అందరినీ చూస్తుంది. కెమెరా మాత్రం మధ్యలోవాళ్లను ఉంచుకుని అంచుల్లోవాళ్లను పారేస్తుంది. ఆ సంగతి కొనేటప్పుడు చెప్పి చావొచ్చు కదా!

ఫిల్ము రోజుల్లో అయితే కడిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు తెర ఉంది, అందరూ వచ్చి తొంగి చూసేవాళ్లే. పెళ్లికూతురి పెదనాన్న వెంకట్రాజం కూడా చూశాడు. కన్యాదానం చేసింది ఆయనే. తెర చూసి, అటు తిరిగి, "యాకమ్మా, నువ్వు జర అవుతలికి పో. అందరు పడ్తరు" అన్నాడు.

యాకమ్మ వంటింటి వైపు నడిచింది.

మొగుడు పోతే ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసి పిల్లను డిగ్రీ దాకా చదివించిన మనిషి ఆమె. పొద్దుటి నుంచి ఆమెను పందిట్లో ఎక్కడా చూడలేదు నేను. అప్పుడర్థమైంది, ఆమె అంచున ఎందుకు నిలబడిందో.

"ఆమె ఎందుకు పోవాలె?" అన్నాను.

"జాగ లేదు గదమ్మా."

"జాగ లేకుంటే ఆ మేనత్తను పొమ్మను. నువ్వు పో."

"గట్ల గాదు. శుభమా అని పిల్ల పోతాంది. అసుంటోళ్లు ఫోటోల ఉంటే మంచిగుంటదా?"

కెమెరా కిందికి దించాను. "అసుంటోళ్లంటే ఎసుంటోళ్లు? తాళి కట్టేటప్పుడు అందరికన్న దగ్గర నిలబడ్డది నేను. నా మొగుడు సచ్చి తొమ్మిదేండ్లాయె. అప్పుడు నీకు కండ్లు కనవడలేదా?"

వెంకట్రాజం కొంచెం తడబడ్డాడు. "ఫోటో తీసుడు వేరు, దిగుడు వేరు" అన్నాడు.

ఓహో! కెమెరా వెనక నిలబడితే పనిదాన్ని, ముందు నిలబడితే అపశకునమా? ఇన్నేళ్లూ ఎన్ని ఇళ్లలో ఈ లెక్క మీదే నన్ను లోపలికి రానిచ్చారో!

"ఈ బీరువ బయట పెట్టుండ్రి. నాకు రెండడుగులు వెనక్కి జాగ దొరుకుతది. అందరు పడ్తరు."

"కొత్త బీరువ! వానల తడుస్తది!"

"తడవనీ! పెళ్లికూతురి తల్లి కన్న బీరువ ఎక్కువనా నీకు?"

ఆయన నోరు తెరిచేలోపే తిరుమల లేచింది. "బయట పెట్టుండ్రి" అంది, అంతే. పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి ఒక పక్క పట్టాడు, ఇంకో ముగ్గురు చెయ్యి వేశారు. బీరువా వాకిట్లోకి వెళ్లింది. అట్టపెట్టె మీద వాన పడి డప్పు కొట్టినట్టు మోగుతోంది.

నేనే వంటింట్లోకి వెళ్లాను. యాకమ్మ గిన్నెలు సర్దుతోంది.

"రా."

"నేను రాను అక్కా. బిడ్డకు ఏదన్న అయితే?"

అప్పుడు నాకు వెంకట్రాజం మీదకన్నా ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది. "నీ బిడ్డ పెండ్లి ఫోటోల నువ్వు లేకపోతే ఎవలుంటరే! సిగ్గుండాలె!" అని అరిచాను.

ఆమె నా వైపు నిదానంగా చూసింది. "నువ్వు ఏ ఫోటోల ఉన్నవక్కా?"

మా ఆయన పోయాక నేను ఒక్క ఫోటో దిగలేదు. తీసేదాన్ని కదా, ఎలా దిగుతానని చెప్పుకునేదాన్ని. అబద్ధం. నన్ను దిగమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఆమె చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చాను. బీరువా ఉన్న చోట గోడకు ఆనుకుని నిలబడి, రింగు తిప్పి, తిరుమల మొహం మీద ఫోకస్ పెట్టాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ పట్టారు. కెమెరా తీసుకెళ్లి వెంకట్రాజం చేతిలో పెట్టాను.

"నాకెందుకు?"

"గోడకు ఆనుకొని నిలబడు. ఈ బటన్ ఒత్తు. రింగు ముట్టుకోకు."

"మరి ఫోటోల నేను..."

"తీసుడు వేరు, దిగుడు వేరు."

ఆయన తిరుమల వైపు చూశాడు. "తియ్యి పెద్దబాపూ" అంది ఆ పిల్ల, తల్లిని తన పక్కకు లాక్కుంటూ.

నేను యాకమ్మ పక్కన నిలబడ్డాను. ఆయన నొక్కాడు.

ఫోటో కాస్త వంకరగా వచ్చింది. ఇంటిల్లిపాదిలో లేనిది వెంకట్రాజం ఒక్కడే. తిరుమల ఏడుస్తోంది, యాకమ్మ కళ్లు మూసుకుంది. పక్కన తల నెరిసిన ఆవిడ ఎవరా అని ఒక్క క్షణం చూశాను. నేనే. నవ్వలేదు, ఇంకా కోపంగానే ఉన్నాను. నా మణికట్టును యాకమ్మ గట్టిగా పట్టుకుని ఉంది.