కుర్చీ పక్కన కిటికీ

పన్ను తొలిచే మర తిరగడం మొదలవగానే లారీ డ్రైవరు నోట్లోంచి జల్లు లేచింది. దీపం వెలుగులో అది సన్నటి పొగలా డాక్టరుగారి మోచేతుల మీదుగా పైకి పోయి, ఎక్కడా వాలకుండా అలాగే నిలిచింది. చిన్నమ్మాయి ఒక చేత్తో అతని దవడ పట్టుకుని, రెండో చేత్తో సన్నగొట్టం నాలుక పక్కన ఆనించింది. అది ఉమ్మిని లాగుతుంది గాని జల్లును లాగలేదు. జల్లును లాగే పెద్దగొట్టం గోడకు చుట్టచుట్టుకుని వేలాడుతోంది. దాని మోటారు ఎప్పుడో చెడిపోయింది. బాగుచేయించే మాట ఎత్తినప్పుడల్లా డాక్టరుగారు "చూద్దాం" అంటారు.

డ్రైవరు చెయ్యెత్తాడు. మర ఆగింది. అతను లేచి కూచుని, మెడనరాలు పొంగేలా దగ్గాడు.

"ఎన్నాళ్ల నుంచి బాబాయ్, ఈ దగ్గు?"

"దగ్గుకేముందమ్మా, రోజూ దుమ్మే కదా మా తిండి. అన్నంలోకి నంజుకోడానికీ అదే!" అతను నవ్వబోయి మళ్లీ దగ్గాడు. "రాత్రిళ్లు చెమటలు కూడా పడుతున్నాయి. పన్ను నొప్పి వల్లేమో."

చెమటల మాట చిన్నమ్మాయి మొదట విన్నది వదిన నోట.

ఈ కుర్చీ పక్కన మొదట నిలబడింది వదినే. ఆమెను ఇక్కడ పెద్దమ్మాయి అనేవారు. ఆమె వెంటబెట్టుకొచ్చి పని నేర్పిన మరదలు కాబట్టి ఈమె చిన్నమ్మాయి అయింది. ఇప్పుడు పెద్దమ్మాయి ఇంట్లో ఒక మూల, పాత చీర అడ్డం కట్టుకుని పడుకుంటోంది. కంచం వేరు, గ్లాసు వేరు. కూతురు తలుపు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లిపోతుంది. ఊపిరితిత్తుల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమె పనేమిటో అడిగి, మూసిన గదిలో ఆ జల్లు చాలాసేపు గాలిలోనే ఉంటుందని, జబ్బు మనిషి నోటి నుంచి లేస్తే జబ్బూ అందులోనే ఉంటుందని చెప్పాడట. అప్పటి నుంచి వదినది ఒకటే మాట.

"ఆ కిటికీ నేనే మూశానే. ఏసీ చల్లదనం పోతోందంటే, చుట్టూ టేపు నా చేత్తోనే అంటించా. నువ్వు పీకెయ్యవే. అది తెరిస్తే చాలు."

చిన్నమ్మాయి రోజూ సరేనంది. రోజూ టేపు వంక చూసి ఊరుకుంది.

"సార్," అంది గొంతు తగ్గించి, "ఇవాళ్టికి మందు పెట్టి పంపేద్దామండీ. దగ్గు చూపించుకున్నాక మిగతాది చేద్దాం."

"పంపేస్తే ఎదురు క్లినిక్కువాడు ఎర్రతివాచీ పరుస్తాడు," అన్నారు డాక్టరుగారు. తర్వాత ఆయనే గొంతు తగ్గించారు. "నాకు తెలీదనుకున్నావా? నేనూ ఈ గాలే పీలుస్తున్నాగా."

అదీ నిజమే. కాకపోతే ఆయన ముక్కుకు మందపాటి మాస్కు, దానిమీద పారదర్శకంగా మరో తెర. ఆమెకున్నది ఉతికి ఉతికి పలచబడ్డ గుడ్డ.

"నన్ను పంపించకమ్మా," అన్నాడు డ్రైవరు. "ఇంకోరోజు సెలవంటే ఓనరు నా సీట్లో ఇంకొకణ్ణి కూచోబెడతాడు."

మర మళ్లీ తిరిగింది. చిన్నమ్మాయి ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది? పీల్చింది.

డ్రైవరు పంటికింద దూది నొక్కుకుని, దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆమె కుర్చీ తుడిచింది, పళ్లెం మార్చింది. గాలిని తుడిచే గుడ్డ లేదు.

"తర్వాతివాళ్లని పిలు," అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ.

తలుపు అద్దంలోంచి చూసింది. తల్లి ఒళ్లో ఒక పిల్ల, బుగ్గమీద చెయ్యి పెట్టుకుని ఉంది. వదిన కూతురి ఈడే. చిన్నమ్మాయిని చూసి, ఊడిన ముందుపన్ను సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వింది.

చిన్నమ్మాయి తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికి వెళ్లింది. టేపు కింద గోరు పెట్టి లాగింది.

"ఏంటా పని?"

"కాసేపు గాలి ఆడనివ్వండి సార్. పసిపిల్ల."

టేపు రంగు పెచ్చులతో సహా ఊడివచ్చింది. గడియ తుప్పు పట్టింది. అరచేత్తో రెండు దెబ్బలు కొడితే కదిలింది. తెల్లరంగు పూసిన అద్దం తలుపు కిర్రుమంటూ కాస్త తెరుచుకుని, దేనికో కొట్టుకుని ఆగిపోయింది.

గోడ. పక్క మేడ గోడ. పూత లేని ఇటుకలు, సందుల్లోంచి ఉబ్బి ఎండిపోయిన సిమెంటు. మధ్యలో చెయ్యి పట్టేంత చోటు కూడా లేదు.

"మీ వదిన టేపు వేసిన ఏడాదే వాళ్లు కట్టేశారు," అన్నారు డాక్టరుగారు, కొంచెం జాలిగానే. "తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. పద, పిలు."

ఇంటికెళ్లగానే వదిన చీర అవతల నుంచి అడుగుతుంది. తెరిచావా అని. తెరిచానని చెప్పాలి. తర్వాత ఏం చెప్పాలి?

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. "పిలిచారామ్మా మమ్మల్ని?"

డాక్టరుగారు ఆమె వంక చూస్తున్నారు. ఇటుకకూ కిటికీకీ మధ్య పాత సాలెగూడు ఒకటి ఉంది. అది కదలడం లేదు.

"లేదమ్మా," అంది చిన్నమ్మాయి, కిటికీ రెక్క వదలకుండానే. "పిలవలేదు."