ఎదురు కుర్చీ గిన్నె

పోల్తావా పట్నం వెళ్లే రోడ్డు మీదుండే హాఫియా హోటల్లో మధ్యాహ్నం పూట చోటు దొరకదు. లారీవాళ్లు బోర్ష్, అంటే బీట్‌రూట్ పులుసు, తమకో గిన్నె, ఇంట్లోవాళ్లకో గిన్నె చెప్తారు. ఆ రెండోది ఎదురు కుర్చీ ముందు పెట్టి పేరు పిలిస్తే చాలు, ఆ మనిషి ఎంత దూరానున్నా గిన్నె ఖాళీ అవుతుంది.

“చూడు హాఫియక్కా, మీగడంతా నాకేసి బీట్‌రూట్ ముక్కలొదిలేసింది మా అత్త!” అన్నాడు ఒక డ్రైవరు.

“అల్లుడు పెట్టిన తిండి అంతకంటే ఏం దిగుద్దిలే,” అంది హాఫియా.

అందరూ నవ్వారు. మూల బల్ల దగ్గర మెలానియా నవ్వలేదు. ఆమె మొగుడు యారెమా యుద్ధంలో కనపడకుండా పోయి పది నెలలు. ఇప్పుడు శవం దొరికిందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. పెట్టె తెరవకూడదంట. నాలుగింటికల్లా పట్నం వెళ్లి, అతనిదేనని సంతకం పెట్టాలి. పెడితే ఇంక ఎవరూ వెతకరు.

ఇన్నాళ్లూ ఈ దారినే తిరిగినా, గిన్నె నిండుగానే ఉండిపోతుందేమోనని భయపడి అతనికి పెట్టలేదు. ఇవాళ పెట్టింది.

“యారెమా,” అని పిలిచింది.

పక్కనున్న మామగారు తిమీష్ గ్లాసులో కాస్త సారా పోసి, పోయినవాళ్లకి పెట్టినట్టే దాని మీద నల్లరొట్టె ముక్క మూతగా పెట్టాడు.

గిన్నె అలాగే ఉంది. ఆవిరి ఆగిపోయింది. పైన తెట్టు కట్టింది.

“పద తల్లీ. చూశావుగా,” అన్నాడు తిమీష్.

గిన్నెలు తియ్యడానికొచ్చిన హాఫియా గ్లాసు చూసి ఆగింది.

“ఇదెవరు పెట్టారు?”

“నేనేనమ్మా.”

“నీ బుర్ర తగలెయ్య! రొట్టె మూతేస్తే అది పోయినోళ్ల బల్ల కదా. బతికున్నోడైతే దాని దగ్గర ఎట్టా కూచుంటాడు ముసలాయనా?”

మెలానియా గ్లాసు మీది రొట్టె తీసి పక్కన పెట్టింది.

చెంచా గిన్నెకి తగిలి టక్కుమంది. బోర్ష్ గబగబా దిగిపోయింది. తర్వాత గిన్నె పక్కనున్న వెల్లుల్లి రొట్టెలు పోయాయి. మూతగా పెట్టిన రొట్టె పోయింది. బల్ల మీద పడ్డ పొడి కూడా పోయింది. గిన్నె కడిగినట్టు మెరిసింది.

“ఇంత ఆకలేంట్రా నాయనా,” అన్నాడు తిమీష్. “ఎక్కడ పెట్టార్రా నిన్ను?”

ఇందాకటి డ్రైవరు లేచొచ్చి తన రొట్టె కూడా అక్కడ పెట్టాడు. అదీ పోయింది.

ఆ పెట్టెలో ఉన్నది మావాడు కాదు, ఎవరి బిడ్డో చూడండని చెప్పడానికి ముసలాయన పట్నం బయల్దేరుతూ అడిగాడు.

“మరి నువ్వు తల్లీ?”

“ఇంకో గిన్నె పెట్టాలి మావయ్యా,” అని మెలానియా వంటింట్లోకి వెళ్లి దుంపలు చెక్కు తీయడానికి కూర్చుంది.

ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు పూటలా గిన్నె పెట్టి, పేరు పిలిచి, అది ఖాళీ అయ్యేదాకా తను ముద్ద ముట్టదు. కొన్ని రోజులు వెంటనే అవుతుంది. కొన్ని రోజులు బాగా చల్లారిపోయాక.