గేటు దగ్గరి పన్నెండు నిమిషాలు

ఆ క్వారీలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. డ్రిల్లు మేస్త్రి అతని అక్క మొగుడు. అందుకని చేరిన మొదటిరోజే అందరూ కలిసి అతన్ని ఊరుమ్మడి బావమరిదిని చేసేశారు. లారీ డ్రైవర్లు మొదలుకొని ఆఫీసులో మేనేజరు దాకా అదే పిలుపు. “బావమరిదీ, ప్రింటరు మొరాయిస్తోంది”, “బావమరిదీ, నా ఫోన్లో పాటలు రావట్లేదు.” అతను మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు గానీ, రాన్రానూ ఆ పిలుపు చొక్కాలాగా వంటికి అతికిపోయింది.

అతన్ని తెచ్చింది మాత్రం ప్రింటర్ల కోసం కాదు. గేటు దగ్గర ఒక కంప్యూటరు ఉంది. గోతిలో ఎవరెవరు ఉన్నారో ఆ పట్టీ అందులో ఉంటుంది. రాయి పేల్చే మందుగుడిసెలో ఇంకొకటి ఉంది. గేటులో “బయట” అని కొట్టింది గుడిసెలో కనబడాలి. అక్కణ్ణుంచి గోయి కనబడదు. తెరమీద “లోపల సున్నా” అని పడితేనే పేలుడు మేస్త్రి చివరి సైరను మోగించి తాళంచెవి తిప్పుతాడు. ఆ సున్నా ఇక్కణ్ణుంచి అక్కడికి, పిలిస్తే పలికేంత దూరానికి, పన్నెండు నిమిషాలకు గాని చేరేది కాదు.

రెండు వారాలు దాని వెంటపడ్డాడు. చివరికి దొంగ దొరికాడు. గేటు కెమెరా వచ్చే లారీకీ పోయే లారీకీ నాలుగేసి ఫోటోలు తీసి అదే కంప్యూటర్లో పోస్తోంది. ఫైళ్లు మోసే ప్రోగ్రాము ప్రతిసారీ మొదటి ఫోటో నుంచి చివరి ఫోటో దాకా అన్నిటినీ తడిమి చూసి, మారినవాటిని వరసలో నిలబెట్టి పంపుతోంది. నాలుగు ముక్కల పట్టీ ఆ లారీల బొమ్మల వెనకాల, పెళ్లి బంతిలో చిన్నపిల్లాడిలాగా, ఎవరూ పట్టించుకోక నిలబడి ఉంది. అతను పట్టీని వరసలోంచి తప్పించాడు. తడిమి చూసే పని మాన్పించి, పట్టీలో అక్షరం మారీ మారకముందే అదొక్కటే పరుగెత్తేలా చేశాడు. మధ్యాహ్నం భోజనాలవేళ ఆఫీసులో కూర్చుని దొంగపేరుతో పరీక్ష పెట్టాడు. రెండు సెకన్లు.

మేనేజరు కుర్చీలోంచి లేచి భుజం చరిచాడు. “బావమరిదీ, నువ్వు బావను మించావయ్యా! ఇక రోజుకు రెండు కాదు, మూడు పేలుళ్లు. మూడు గంటల పేలుడుకే మొదలెట్టేయ్. సున్నా పడితే ఇక ఆగొద్దని మేస్త్రికి నేను చెప్తా.”

“గేటు దగ్గర పేర్లు కొట్టే తాతకి ఒక మాట చెప్పొద్దా సార్?”

“తాతకేం చెప్పాలి? ఆయన నొక్కే మీటే కదా, అదే నొక్కుతాడు.”

మూడింటికి అతను కావాలనే గేటు దగ్గరికి వెళ్లాడు, తన పని పరుగెత్తడం కళ్లారా చూసుకుందామని. గేటు తాత అరవై దాటిన మనిషి. కంప్యూటరు ముందు కూర్చుంటే, మొండి దూడ ముందు పలుపు పట్టుకుని కూర్చున్నట్టుంటాడు. పేలుడు మేస్త్రి ఈల వేశాడు. బయటికి రమ్మని గోతిలోవాళ్లకి పిలుపది. ఈల ఇంకా ఆగనే లేదు, తాత పంతొమ్మిది పేర్లనూ ఒక్కసారే పట్టి “బయట” అని నొక్కేసి, చుట్ట వెతుక్కోవడంలో పడ్డాడు.

దారి వైపు చూశాడతను. బండలు తొలిచి వేసిన ఆ దారిలో ఒక్క మనిషి లేడు.

“తాతా, ఎవరూ రాలేదు కదా?”

“వస్తార్లే. డ్రిల్లు కడ్డీలు తీసుకోవాలి, మూటలు సర్దుకోవాలి, ఎక్కాలి. మీ కుంటి బావ అయితే దారిలో ముగ్గురితో సరసాలాడాలి. పది నిమిషాలు.”

“మరి ముందే ఎందుకు కొట్టావ్?”

తాత జాలిగా చూశాడు. “చదువుకున్నోడివి, నీకు తెలియదా? అది అక్కడికి చేరేది పన్నెండు నిమిషాలకి. అందరూ వచ్చాక కొడితే ఎండలో ఇంకో పన్నెండు నిమిషాలు కాసుక్కూర్చోవాలి. అందుకే ఈల పడగానే కొట్టేస్తా. తొమ్మిదేళ్లనుంచి అంతే. మనిషి, సున్నా, ఇద్దరూ ఒకేసారి ఇంటికి చేరతారు.”

గుడిసె మీది సైరను అప్పుడే అందుకుంది. చివరి సైరను. అది మోగేది అరనిమిషమే, ఆ వెంటనే తాళంచెవి.

తాతను పక్కకి నెట్టి మీటల మీద పడ్డాడు. పంతొమ్మిది పేర్లున్నాయి. అతని వేలు వెతికింది ఒక్క పేరునే. బావ పేరు ఎదురుగా “లోపల” అని కొట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు అతన్ని కొరికి తిన్నది ఆ సంగతే. మిగిలిన పద్దెనిమిది మంది అప్పుడతనికి గుర్తే రాలేదు. ఫోను తీసి గుడిసెకి కలిపాడు. ఒకసారి మోగింది, రెండుసార్లు మోగింది.

“ఏందయ్యా బావమరిదీ నీ గోల,” పేలుడు మేస్త్రి గొంతు సైరను మీదుగా అరిచింది. “ఇప్పుడే సున్నా అంటది, ఇప్పుడే ఒకటంటది! తాత సున్నా కొట్టాక ఒకటెట్టా వస్తది? మొదటిరోజే నీ మిషను తిక్క తిక్కగా…”

“తిప్పకు మేస్త్రీ! చెయ్యి తీసెయ్! అందరూ లోపలే ఉన్నారు. తాత ముందే కొట్టేశాడు!”

సైరను మధ్యలో తెగిపోయింది. ఆ వెంటనే కమ్ముకున్న నిశ్శబ్దంలో, కింద ఎక్కడో కడ్డీ బండకు తగిలిన చప్పుడూ, ఎవరో నవ్విన నవ్వూ వినబడ్డాయి.

పదో నిమిషానికి బావ కుంటుకుంటూ అందరికన్నా చివర పైకొచ్చాడు. తాత ముఖం కప్పుకుని కూర్చోవడం, బావమరిది గోడకి జారగిలబడి ఉండడం చూసి, “ఏంరా బామ్మర్దీ, మా అత్తగారు గాని వస్తోందా, ఇద్దరూ ఇట్లా అయిపోయారు?” అన్నాడు. విషయం విన్నాక కూడా నవ్వాడు. కాకపోతే నీళ్లసీసా మూత తిప్పడానికి అతనికి మూడుసార్లు పట్టింది.

“తాత సంగతి పైన చెప్పకురా,” అన్నాడు మెల్లగా. “ఈ వయసులో ఎక్కడికి పోతాడు?”

అతను చెప్పలేదు. తాతే అతని చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు, ఒక్కొక్కణ్ణీ కళ్లతో చూసి కొడతానని. మర్నాడు పొద్దున్న పేలుడుకి అలాగే కొట్టాడు. పేర్లు వెతుక్కోవడంతో కలిపి సున్నా రావడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది.

మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు. “పన్నెండు ఉండేది పద్నాలుగైంది. దీనికేనా రెండు వారాలు?”

అతను ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేనేజరు విన్నాడు. తాతను చూసి, గోడ గడియారాన్ని చూశాడు.

“అంటే తొమ్మిదేళ్లూ ఏమీ కాలేదు కదా?”

“అప్పుడు ఆలస్యం ఉంది సార్. వాళ్లు బతికింది ఆ ఆలస్యంలోనే.”

“కథలొద్దు. ఈల వేశాక ఎనిమిది నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి నాకు సున్నా కనబడాలి. ఎలా తెస్తావో నీ ఇష్టం తాతా. తేలేకపోతే తెచ్చేవాణ్ణి కూర్చోబెడతా.”

బయటికొచ్చాక తాత తన కుడిచెయ్యి ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. “ఈల వినబడితే ఇది దానంతటదే లేస్తది బాబూ. పొద్దున ఎడంచేత్తో పట్టుకుని ఆపా. ఇప్పుడు ఆయన కూడా లేపుతున్నాడు.”

మూడింటికి పది నిమిషాలుందనగా అతను గేటు దగ్గరికొచ్చి ఇనపటోపీ అడిగాడు.

“నీకెందుకు?”

“గోతిలోకి పోతున్నా. నా పేరు ఎక్కించు. లోపల అని కొట్టు.”

“నీకక్కడ పనేముంది?”

“అందరికన్నా చివర, మా బావ వెనక నడుస్తా. నా పేరొక్కటి లోపలుంటే సున్నా పడదు. నేను నీ ఎదురుగా వచ్చి నిలబడేదాకా నా పేరు చెరపకు. అడిగితే కంప్యూటరు మనిషి లోపలున్నాడని చెప్పు. అబద్ధం కాదుగా.”

తాత ఒక్కో అక్షరమే వెతికి పేరు కొట్టాడు. రెండు సెకన్లలో గుడిసెలో పంతొమ్మిది ఇరవై అయింది. అతను టోపీ బిగించుకుని బండలదారిలో దిగసాగాడు. సగం దూరం పోయాక ఈల పడింది. కింద బావ ఇంకా కడ్డీ లాగుతూనే ఉన్నాడు. పైన గేటుగదిలో ఫోను మోగడం మొదలైంది. అది మోగీ మోగీ, ఎవరో ఎత్తినట్టు ఆగిపోయింది. అతను నడక ఆపలేదు.