ఎలుక చెవిలో నర్సింలు పిడుదు

2025 నవంబరు ఏడు, శుక్రవారం. ఆ పూట గల్ఫ్ కూలీల క్యాంప్‌లో పెసరపప్పు, చింతకాయ తొక్కు తిన్నారని తిరుమల్‌కు ఇప్పటికీ గుర్తు. తింటూనే, అతని గదిలోనే ఉండే నర్సింలు పిక్క గోక్కున్నాడు. చూస్తే పిడుదు! అల్ రయ్యాన్ అవతల ఒంటెల దొడ్డిలో టైల్స్ పని చేస్తున్నప్పుడు పట్టుకుని ఉంటుంది. తిరుమల్ దానికి బామ్ పూసి, పీకి, సీసాలో వేశాడు. భార్య పోయినప్పటి నుంచి ఇంకొకరికి చేసిపెట్టడంలోనే అతనికి ఊరట.

కొన్నాళ్ళకు కాటు చుట్టూ ఎర్రటి వలయం తేలింది, జ్వరమూ వచ్చింది. తిరుమల్ ఫోన్‌లో వెతికి, పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బేమోనని క్యాంప్ బాస్ రఫీయుద్దీన్‌కు చెప్పాడు.

"ఈ దేశంల ఆ బీమారి మాఫీ, లేనే లేదు. లేని బీమారికి లీవెట్లిస్త? యల్లా, డ్యూటీ!"

సరిగ్గా అప్పుడే, ఆ జబ్బు బాక్టీరియా అడవి ఎలుకల్లో, వాటి పిడుదుల్లో ఉందేమో చూడటానికి పరిశోధకులు వచ్చి క్యాంప్ వెనక బోన్లు పెట్టారు. ఎలుకలకు మెత్తటి దూది, ఏసీ బండి. కాకినాడ నుంచి వచ్చిన మాలతి వాటిని పసిబిడ్డల్లా ఎత్తుకునేది.

"మనుషుల పిడుదులు చూడరా, మేడమ్?" తిరుమల్ అడిగాడు.

"అనుమతి ఎలుకల వరకేనండీ. మనుషులది వేరే ప్రాజెక్టు, ఇంకా మంజూరు కాలేదు."

"ఎలుకనై పుట్టినా బాగుండునే, అన్నా," మూలిగాడు నర్సింలు.

మర్నాడు బోనులో ఎలుక పడగానే, తిరుమల్ చేతొడుగు వేసుకుని, టైల్స్ అతికించే జిగురు ఒక్క చుక్కతో సీసాలోని నర్సింలు పిడుదును దాని చెవికి అతికించాడు. ఇంత నేర్పుగా అతను బాత్రూములో కూడా టైల్ పెట్టలేదు.

మాలతి ఎలుక చెవి చూసింది. వాసన చూసింది.

"ఈ ఎలుకకు ఒళ్ళునొప్పులేమో, బామ్ రాసుకుంది!"

సంగతేమిటో తెలియని రఫీయుద్దీన్ ఛాతీ విరిచాడు. "మా క్యాంప్‌ల ఎలుకలకు గూడ అన్ని సౌలత్‌లున్నయి, మేడమ్!"

మాలతి నవ్వు ఆపుకుని చుట్టూ చూసింది. నర్సింలు వణుకుతూనే ప్యాంటు పైకి మడిచి పిక్క చూపించాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"రఫీయుద్దీన్ గారూ, మీ ఎలుకకు జ్వరంగా ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళనా?"

"ఎలుకకా? జరూర్ తీస్కపోండ్రి!"

ఆయన తేరుకునేసరికి నర్సింలు ఏసీ బండిలో ఉన్నాడు.

సాయంత్రానికి మందులతో, సెలవు చీటీతో తిరిగొచ్చాడు. "పరీక్షల సంగతి తర్వాత తెలుస్తదట. మందులైతే ఇయాల్టి నుంచే మింగుమన్నడు, అన్నా."

"డాక్టర్ ఇంకేమన్నడు?"

"పిడుదుకు బామ్ పుయ్యొద్దని తిట్టిండు. నన్ను గాదు, నిన్నే."

తిరుమల్ హాయిగా తిట్టు పడ్డాడు. నర్సింలు నుదుటికి చెమట పట్టేదాకా పక్కనే కూర్చున్నాడు. జ్వరం దిగుతోంది. బయట ఎవరో క్యారమ్స్ ఆడుతూ అరుస్తున్నారు. తిరుమల్ లేచి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.