నొక్కితేనే కనబడే మాట

మనసులో అనుకున్న ప్రార్థన చేరుతుందా, లేక పెదవులు కదిలితేనే చేరుతుందా అన్నది ఏళ్ల తరబడి నన్ను వదలని అనుమానం, పొద్దున దీపం ముందు కూర్చున్నప్పుడూ అదే, పైకి అడగాలంటే సిగ్గు, అడక్కుండా లేస్తే వెలితి, ఇవాళ అడిగింది బావ కొట్టు గురించి, అడిగానా, అనుకున్నానంతే, ఇప్పుడు ఆఫీసులో కూర్చుని సెర్చిలో తిరిబిట్టు అని కొడుతున్నాను, ఏమీ రాలేదు, మళ్ళీ కొడుతున్నాను, పక్క సీటావిడ తొంగిచూసి అదేం మాటండీ, తిట్టా అంటోంది, కాదమ్మా, ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయని మాట కావాలి, అది దొరికితే బావ కొట్టు కోసం నేను చేసిన వెబ్ పేజీ నుంచే దొరికిందని తెలుస్తుంది, అక్కనడిగితే కూర తరుగుతూ గుబ్లాంకి, డొంబుకాయి, తిరిబిట్టు అని వదిలింది, ఇంకా కావాలంటే మీ బావ గురక వింటూ రాసుకో అంది.

బావ గడియారాలు బాగుచేస్తాడు, గిరాకీ ఇలాగే ఉంటే నెలాఖరుకి కొట్టు మూసేసి ఏదో పెద్ద షాపులో బ్యాటరీలు మార్చే పనికి పోతానంటున్నాడు, చక్రాల మీద బతికిన చేతులు బ్యాటరీలు మార్చడమేమిటి, అందుకే పేజీ తయారుచేశాను, తెర నిండా గడియారం, వెనక మూత నొక్కితే తెరుచుకుంటుంది, ఒక్కో చక్రం నొక్కితే దానికొచ్చే జబ్బు, బావ చేసే వైద్యం, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, కానీ పాత గడియారం రిపేరు అని వెతికితే మేం తప్ప అందరూ వస్తున్నారు, అందుకే ఈ పరీక్ష, గుబ్లాంకి పేజీ మీద బాహాటంగా పెట్టాను, వెంటనే దొరికింది, డొంబుకాయి పేజీ తెరుచుకున్నాక దానంతటదే వచ్చే వాక్యంలో పెట్టాను, బద్ధకంగా, ఆలస్యంగా దొరికింది, తిరిబిట్టు మాత్రం చక్రం నొక్కితేనే వచ్చేది, అది లేదు, ఇవాళా లేదు, అంటే వెతికే యంత్రం చదువుతుంది, కాసేపు ఆగి చూస్తుంది కూడా, దేని మీదా చెయ్యి మాత్రం వెయ్యదు, నేను బావ పనితనమంతా తీసుకెళ్ళి అక్కడే దాచాను.

ఫోను చేసి చెప్తే బావ వింటేనా, కావలసినవాడు నొక్కుతాడ్రా, నా గొప్ప నేనే వీధిలో నిలబడి చెప్పుకోవాలా, అది కాదు బావా, వెతికేది మనిషి కాదు, దానికి వేళ్ళు లేవు, వేళ్ళు లేనివాడికి గడియారమెందుకురా, ఇదీ వరస, ఒక చెవిలో బావ విసుగు, వెనక ఏవేవో గడియారాలు తలో టైముకీ కొట్టుకుంటున్నాయి, వింటూనే లోపలి మాటలన్నీ పేజీ మీదికి తెచ్చి పెడుతున్నాను, గోడ గడియారాలు, కీ ఇచ్చే గడియారాలు, ఆగిపోయినవి, తాతలనాటివి, సరే, ఆ చేతుల గురించి కూడా ఒక వాక్యం రాయాలి కదా, ఏం రాయను, నా ఉద్యోగం పోయిన రోజుల్లో తన బల్ల సగం ఖాళీ చేసి, స్క్రూల డబ్బాల మధ్య పాత కంప్యూటరొకటి పెట్టి, ఏమీ అడక్కుండా, ఎవరైనా ఎవరీయన అంటే మా హెడ్డాఫీసు అని నవ్వించి, మధ్యాహ్నం తన క్యారేజీ మూత నా వైపు జరిపిన మనిషి, ఆ బల్ల మీదే ఈ పేజీలు చేసే పని నేర్చుకున్నాను, రోజూ ఆయన కోసం లోపల మొక్కుకుంటున్నాను, తెలుసులే అనుకున్నాను, ఎలా తెలుస్తుంది, ఆయనేనాడూ నన్ను గుచ్చి అడిగే రకం కాదు, అడిగితేనే చెప్పేలా నేను తయారయ్యాను, దేవుడికి నొక్కాల్సిన పని లేదేమో, బావ దేవుడు కాడు.

బావా అన్నాను, ఏంట్రా మళ్ళీ, ఆ రోజు నీ బల్ల మీద చోటివ్వకపోతే నేనేమైపోయేవాణ్ణో, ఇన్నేళ్ళూ ఆ మాట బాకీ పడ్డాను, ఒంట్లో బాగానే ఉందా నీకు అన్నాడు, బాగానే ఉంది అన్నాను, సరే, ఏం రాస్తావో బయటే రాయి, కొట్టు సంగతి వచ్చే నెల చూద్దాం అన్నాడు, ఆగు, పెట్టేయకు, మీ అక్క క్యారేజీ తెచ్చింది, ఏమే ఇలా రా, మీ తమ్ముడేదో అంటున్నాడు, ఒరేయ్, ఇందాకటిది మళ్ళీ చెప్పు, మీ అక్క వినాలి, పక్క సీటావిడ చూస్తూనే ఉంది, చూడనీ, నేను మళ్ళీ చెప్పాను, ఈసారి ఇంకాస్త గట్టిగా.